విశాఖపట్టణపు దంతపుపని: పొదుగుడును తాపడమును

కొయ్యసామానులపై దంతము, కొమ్ము, తాఁబేటిచిప్ప మొదలగు విలువగల పదార్థములను పలుచని రేకులుగాఁ గోసి యతికి, వానిపై గీఁతలు దీర్చి యలంకరించు శిల్పమొకటి ఆంధ్రదేశమున విశాఖపట్టణమునందు నూఱేండ్లకుఁ బైఁబడి వర్ధిల్లినది. ఆ పట్టణపు పేరు నేఁడును పాశ్చాత్యదేశముల ప్రదర్శనశాలలలో నీ జాతివస్తువుల కెల్ల గుఱుతుగా వాడఁబడుచున్నది. మనకు మాత్రము దీనిని గూర్చి చెప్పుటకు మాటలే నిశ్చితార్థముతో నిలువలేదు. పొదుగుట యనియు, తాపడమనియు, చెక్కడమనియు, నగిషీ యనియు నొకదానికి మాఱుగా నొకటి వాడుచుందుము. ఈ వ్యాసమున ముందుగా నా మాటల యర్థములను వేఱుపఱచి, పిదప వాని సాయముననే యీ శిల్పము యొక్క చరిత్రమును వివరించెదను. ఈ శిల్పము పొదుగుడుగాఁ బుట్టి తాపడముగాఁ బెరిగినది. ఈ భేదమును గుర్తింపనిచో దాని కాలనిర్ణయమును, దాని కర్తలెవ్వరను నిర్ణయమును గూడ దారి తప్పును. అట్లు దారితప్పిన యభిప్రాయమొకటి చిరకాలము వ్యాప్తిలో నుండెను. దానిని బరిశీలించుటయే యీ వ్యాసమునకు ముఖ్యప్రయోజనము.

పదవిచారము

రత్నమును బంగారమున పొదుగుదురు. అట్లు పొదుగుటకు బంగారమునందు రత్నమునకుఁ దగిన గూడు ముందే యేర్పడి యుండవలెను. కోడి గ్రుడ్లను పొదుగుననుచోటఁ గూడ లోనికి నిముడ్చుకొనుటయే భావము. కావున కొయ్యయందు ఉలితో గుంటఁదీసి, ఆ గుంటకు సరిపడునట్లు కోసిన దంతపుముక్కను అందుఁ గూర్చి, కొయ్యయు దంతమును ఒకే మట్టముగా నుండునట్లు నునుపు చేయుటను పొదుగుడు అనుట యుక్తము. ఇందు రెండు పదార్థములును కన్నులకుఁ గనఁబడును. కొయ్య నేల, దంతము బొమ్మ. రెంటి వర్ణభేదమే యీ పనికి సొగసు.

తాపడ మన్ననో వేఱు. నెల్లూరుసీమలో బుచ్చిరెడ్డిపాలెము వంటి యూళ్లయందలి పెద్దకోవెలలకుఁ బోవువారికి ధ్వజస్తంభపు మ్రానుపై లోహపురేకు తాపడము చేయుట యనఁగా నేమో వివరింపఁ బనిలేదు. ఉత్సవవాహనములకు వెండిరేకు తాపడము, గర్భాలయద్వారములకు బంగారురేకు తాపడము, నేలకు రాతిపలకల తాపడము అను వాడుకలు తెలుఁగునాఁట నంతటను గలవు. ఈ యన్నిటియందును పైపొర క్రిందిదానిని పూర్తిగాఁ గప్పివేయును. అడుగునున్న మ్రాను కనఁబడదు. బలము మాత్రము దానిదే. రేకు బరువు మోయదు. రూపమును వర్ణమును ఇచ్చును. కొయ్యపెట్టెను దంతపురేకులతోఁ గప్పుట కూడ నిట్టిదే కాన, దానికి దంతపు తాపడమను పేరు చక్కఁగా నొప్పును. వాడుకలో నీ రెండు మాటలును అప్పుడప్పుడు కలిసిపోవుచున్నను, శిల్పవిషయమును వ్రాయునప్పుడైన వానిని వేఱుగా నుంచుట మేలు.

మూఁడవది గీఁతపని. సూదిమొనగల ఉలితో దంతముపై సన్నని గాట్లు దీసి, వానిలో నల్లలక్క నింపి, పైన మిగిలిన లక్కను గీఁకివేయుదురు. లక్క గాట్లలోనే నిలిచి, తెల్లనికాగితముపై సిరాతో వ్రాసినట్లు చిత్రము తేలును. చెక్కడమందు పదార్థమును తొలఁగించి యెత్తుపల్లములు కల్పింతురు. గీఁతపనియం దెత్తుపల్లములు లేవు, రేఖయే సర్వము. విశాఖపట్టణపు పనిలో పొదుగుడునకుఁగాని తాపడమునకుఁగాని యీ గీఁతపని తోడుగా నుండును.

ఇంగ్లీషువారు తాపడమును వెనీరందురు. జర్మనుభాషాద్వారమున నీ మాట వారికి వచ్చినది. దాని మూలము సమకూర్చుట యను నర్థముగల ఫ్రెంచిమాట. కాలక్రమమున నీ పదము లోన సారము లేక పైకి మంచిగాఁ దోఁచు నడవడికిని చెల్లెను. తెలుఁగున నట్టి నిందను పైపూత, పైమెఱుఁగు అను మాటలు మోయుచున్నవిగాని తాపడము మోయదు. మన వాడుకలో తాపడము దేవునికి జేయు సేవ, గౌరవము. పూసినది రాలిపోవును, తాపినది నిలుచును. ఈ భావభేదమును మనస్సునం దుంచుకొని ముందునకు పోవుదము.

శాస్త్రగ్రంథములందలి జాడ

కొయ్యకు దంతమును జేర్చుట మనదేశమునకుఁ గ్రొత్తగాదు. క్రీస్తుశకము 6వ శతాబ్దివాఁడగు వరాహమిహిరుఁడు బృహత్సంహితయందు శయ్యాసనలక్షణములకొక యధ్యాయమును గేటాయించినాఁడు. మంచములకును పీఠములకును దగిన వృక్షములలో అసనము, చందనము, తిందుకి, శాకము, శింశుప మున్నగువానిని పేర్కొని, వానికి సింగారమును గూర్పవలసినచో గజదంతమే శ్రేష్ఠమనెను. దంతమును గోయునప్పుడు మొదట నెంతభాగము విడిచి తక్కినదానిని పనికిఁ దీసికొనవలెనో యను కొలతను గూడఁ జెప్పినాఁడు: మొదటి చుట్టుకొలతకు రెండింతల పొడవు విడువవలెను, అనూపదేశపు టేనుఁగులకు కొంచె మెక్కువయు, కొండయేనుఁగులకు కొంచెము తక్కువయు. ఈ విధికి వట్టి నమ్మకముకాక పనివాని యనుభవము మూలముగాఁ గనఁబడుచున్నది. ఏనుఁగుదంతము మొదట బోలుగా నుండును. ఆ బోలు మొనవైపునకు పోను పోను సన్నగిల్లి తుదకు దారమువంటి నాళముగా మిగులును. గట్టిపలకలు గావలెనన్న మొదటిభాగమును విడువక తప్పదు.

తిందుకి మన తుమికి; శాకము టేకు; శింశుపను తెలుఁగువారు ఇరుగుడని వ్యవహరింతురు. విశాఖపట్టణమునఁ జేసిన సామానులలోఁ గానవచ్చు మ్రానులును తుమికిజాతి నల్లచేవ, ఇరుగుడు, టేకు, గంధపుచెక్కయే. ఈ పోలికను బట్టి విశాఖపట్టణపు పనివారు వరాహమిహిరుని జదివి పనిచేసిరని చెప్పఁజనదు. నడుమ వేయేండ్లకుఁ బైఁబడిన కాలము గడచినది. చేవగల నల్లకొయ్యకు తెల్లనిదంతము నప్పునను నెఱుక మాత్రము ఈ దేశమున మిగులఁ బాతదని చెప్పవచ్చును. ఆ గ్రంథమునందే వజ్రలేపమను జిగురులను గూర్చి వేఱొక యధ్యాయము గలదు. ఆవు, ఎనుము, మేఁక మొదలగువాని కొమ్ములును చర్మములును గాచి తీసిన లేప మందొకటి. చర్మములను గాచి తీసిన జిగురే దేశదేశముల తాపడపుపనికిని మొన్నమొన్నటివఱకు నాధారమైనది.

దంతకారులు శ్రేణులుగా నుండిరనుటకు శాసనాధారము గలదు. సాంచిలోని మహాస్తూపపు దక్షిణతోరణమున విదిశానగరపు దంతకారులు రూపకర్మమును జేసిరని యొక శాసనమున్నది. అదే తోరణమున శాతకర్ణిమహారాజుయొక్క శిల్పులకు నాయకుఁడైన ఆనందుఁడను వాని దానశాసనము గూడ నున్నది. దంతముపై పనిచేసిన చేతులే రాతిపైఁ బనిచేసిన వనుటకును, ఆ పని శాతవాహనుల నీడలో నడచిన దనుటకును ఈ రెండు శాసనములు చాలును.

విశాఖపట్టణమే యేల?

ఇట్టి పని మఱియొకచోటఁ గాక విశాఖపట్టణమున నేల పెంపొందెనను ప్రశ్నమునకు సమాధానము సముద్రవర్తకమునందున్నది. 17వ శతాబ్దిలో డచ్చివారు భీమునిపట్టణమునను, ఇంగ్లీషువారు విశాఖపట్టణమునను వర్తకస్థానములు నెలకొల్పిరి. వారిని రప్పించినది దంతముగాదు, వస్త్రము. ఆ తీరమున నేసి యద్దిన నూలుబట్టలు ఐరోపాకును తూర్పుదీవులకును పోవుచుండెను. బట్టల వెంట దొరలును, దొరల వెంట వారి బల్లలు, బీరువాలు, కుర్చీలును వచ్చినవి. ఆకాలపు హైందవగృహములలో నిట్టి సామాను మిక్కిలి యరుదు. మంచము, పీఁట, పెట్టె యున్నఁ జాలును. కావున క్రొత్తరూపములకు నమూనాలు దొరలవి, చేయు చేతులు మనవి.

కావలసిన సరకులన్నియు నా రేవునకు దగ్గఱగా నుండెను. టేకును దంతమును సముద్రమునకావలి పెగూనుండి వచ్చుచుండెను. మన్యపు టడవులలో చేవమ్రానులు గలవు, లక్కయు గలదు. ఆ ప్రాంతమున లక్కపని యెంత పాఁతుకొనినదో యేటికొప్పాక లక్కబొమ్మలు నేఁటికిని సాక్ష్యమిచ్చుచున్నవి. అచ్చట అంకుడుకొఱ్ఱను తరిమెనపట్టి లక్కనద్ది మొగలియాకుతో మెఱుఁగుపెట్టుదురు. ఇఁక చిత్రముల మాట. విశాఖపట్టణపు తొలినాళ్ల పొదుగుడుపనిలో అంచులవెంట లతలు మెలికలు దిరుగుచు, పెద్ద పువ్వులును ఆకులును గొమ్మల చివరల విరియుచుండును. ఇవి యద్దకపు బట్టలమీఁది లతలే. ఒక యూర నొకే వర్తకునికొఱకు బట్టపై లతను వ్రాసినవాఁడును కొయ్యపై లతను పొదిగినవాఁడును ఒకరి పనిని మఱియొకరు చూడకుండుట పొసఁగదు.

ఈ పనికి తొలిసాక్ష్యములలో నొకటి 1756వ సంవత్సరమునాటిది. ఇంగ్లీషు సేనలో నధికారియగు మేజరు జాన్ కార్నీల్ ఆ యేఁట విశాఖపట్టణమునకు వచ్చి, ఆ యూరు అద్దకపు బట్టలకేగాక పొదుగుడుపనికిని ప్రసిద్ధిగాంచినదనియు, ఆ ప్రసిద్ధి తగినదేయనియు, పనివార లందు పరిపూర్ణత నందిరనియు తన దినచర్యయందు వ్రాసికొనెను. ఇందు రెండు సంగతులు గమనింపఁదగినవి. 1756 నాఁటికే పని ప్రసిద్ధమైనది. అనఁగా నంతకు కొన్ని దశాబ్దములకు ముందే మొదలై యుండవలెను. రెండవది, అతఁడు చెప్పినది పొదుగుడును గూర్చియే, తాపడమును గూర్చి కాదు. మఱుసటి యేఁట, 1757లో, ఫ్రెంచిసేనాని బుస్సీ ఆ పట్టణమును బట్టుకొనెను. రాజ్యములు మాఱినను పని యాగలేదు. మీఁదుమిక్కిలి దాని యుత్తమదశ యటుపిమ్మటనే వచ్చినది.

పొదుగుడునుండి తాపడమునకు

18వ శతాబ్ది యుత్తరార్ధమున పనివారు నల్లకొయ్యపై తెల్లలతలు పొదుగుటతోఁ దృప్తిపడక, వస్తువు నంతను దంతపురేకులతోఁ గప్పనారంభించిరి. ఈ మార్పు చూచుటకు చిన్నదివలె నున్నను శిల్పమును మొదలంట మార్చినది. పొదుగుడునందు కొయ్య యందము ముఖ్యము. కావున విలువైన ఇరుగుడునే వాడవలసియుండెను. తాపడమునందు కొయ్య మఱుఁగుపడును. కావున నందమునకు బదులు నిలుకడ ముఖ్యమైనది. గంధపుచెక్కను, టేకును అడుగునకు వాడిరి. టేకు ఋతుభేదములకు స్వల్పముగానే పెరుఁగుచుఁ దఱుఁగుచు నుండుటచే తాపడమున కది తగినది.

దంతమును ఱంపముతో నిలువునఁ గోసి పలుచనిరేకులు తీయుదురు. రేకు వెడల్పు దంతపు లావునకు మించనేరదు. నడిమి నాళమును తప్పింపవలెను. కాఁబట్టి యొక బీరువాతలుపును గప్పుటకు పెక్కు రేకులు ప్రక్కప్రక్కను గూర్పవలసి వచ్చును. అట్లు గూర్చినచో కీళ్లు కనఁబడకుండు టెట్లు? ఇచ్చటనే గీఁతపని యుపకరించినది. కీలుపై నొక యంచుగీఁతయో, లతకాఁడయో, భవనచిత్రమున స్తంభపుగీఁతయో వచ్చునట్లు కూర్చినచో కన్ను కీలును మఱచి చిత్రమునే చూచును. అలంకారము లోపమును గప్పిపుచ్చుటకుఁ గాక, పదార్థమునకు సహజమైన హద్దును చిత్రములో భాగముగాఁ జేసికొనుటకు నిది యుదాహరణము.

రేకులను జిగురుతో నతుకుటయేగాక చిన్న చిన్న మేకులతోఁ గూడ బిగించిన వస్తువులు గలవు. అందునకుఁ గారణము వాతావరణము. కొయ్య తేమను పీల్చి యడ్డముగా నుబ్బును, ఎండిన ముడుఁచుకొనును. దంతమును తేమకు మాఱును, కాని కొయ్యతో సమానముగా మాఱదు. జిగురు తేమకు మెత్తఁబడును. వానకాలపు గాలిలో నొకవిధముగను వేసవిలో నొకవిధముగను ఈ మూఁడును లాగుకొనుచుండ, రేకు లేచిపోవకుండుటకు మేకు తోడ్పడును. తీరపు తేమగాలిలోఁ జేసిన యా సామాను ఇంగ్లండులో నిప్పుగూళ్లతో వెచ్చఁబెట్టిన పొడిగదులలోఁ బడినప్పుడు రేకులు చీలుటయు లేచుటయు సంభవించుట కిదియే హేతువు. నేఁటి ప్రదర్శనశాలలవారు గదులలోని తేమను కొలిచి నిలుకడగా నుంచుట యింతటి జాగ్రత్తను గోరుచున్న వస్తువులకొఱకే.

అతికినరేకును ఆకురాయితో నునుపుచేసి, గఱుకాకులతో రుద్ది మెఱుఁగుపెట్టవలెను. దంతమును మెఱుఁగుపెట్టుటకు బరివెంకాకును వాడుట మనదేశమునఁ గలదు. పిదప గీఁత; గీఁతలో లక్క; లక్కపై మరల నునుపు. ఒక్కొక్క గాటును చేతితోనే తీయవలెను; తప్పిన గాటును సరిదిద్దుటకు వీలులేదు. కాగితముపై వ్రాఁతను చెఱిపివేయవచ్చును. దంతముపై తప్పినగీఁతను పోఁగొట్టవలెనన్న ఆ రేకు నంతను మరల పలుచగా గీఁకవలెను. ఈ పనియందలి యోర్పును తలఁచుకొన్నప్పుడే దాని వెల యర్థమగును.

చిత్రములుకూడ మాఱినవి. లతలు అంచులకుఁ దగ్గినవి. నడుమ ఇంగ్లీషు మేడలు, వనములు, వంతెనలు, నదీతీరములు వచ్చినవి. సీమనుండి వచ్చిన ముద్రితచిత్రములను జూచి పనివారు వానిని దంతమునకు దింపిరి. తామెన్నఁడు చూడని దేశపు భవనములను, తమ కలవాటులేని ఛాయాక్రమముతో, సూదిమొనతో దింపిన యీ పనులందు మూలములో లేని ఆకులు, తాటివంటి చెట్లు నప్పుడప్పుడు తొంగిచూచుట సహజము.

రాణివాసమునఁ జేరిన కుర్చీలు

ఈ తాపడపుపనికి వచ్చిన గౌరవమును దెలుపుట కొక్క యుదాహరణము చాలును. 1773 మొదలు 1775 వఱకు చెన్నపట్టణపు కోటకు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ వించ్ అను నాతఁడు దంతపు తాపడముగల కుర్చీలను, సోఫాలను సీమకుఁ గొనిపోయెను. 1781లో నాతని సామానులు వేలమునకు రాఁగా, మూఁడవ జార్జిరాజు వానిని కొని తన రాణియగు షార్లెటునకు బహూకరించెను. ఆమె 1818లో మరణించిన పిదప మరల వేలమునకు వచ్చినప్పుడు ఆమె కుమారుఁడే వానిని దక్కించుకొని బ్రైటనులోని తన విలాసభవనమున నుంచెను. నేఁడవి బ్రిటిషు రాజకుటుంబపు సంగ్రహమున నున్నవి. లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలయందును విశాఖపట్టణపుపని గలదు.

కొన్న గవర్నరు పేరు, కొన్న రాజు పేరు, వేలపు సంవత్సరము, ఉంచిన భవనము, ఇవన్నియు వ్రాయఁబడినవి. చేసిన వాని పేరు మాత్రము వ్రాయఁబడలేదు. యజమానుల పరంపరను చెప్పు వస్తుచరిత్రమున కర్త స్థానమున ఊరి పేరే నిలిచినది. తాళపత్రగ్రంథమునకు వ్రాసినవాని పేరు, ఊరు, తిథి చివరనుండు ఆచారమును మన మెఱుఁగుదుము. దంతపురేకుపై నంత వ్రాఁత నేర్చిన చేతులు తమపేరు వ్రాసికొనకుండుట చింతింపఁదగినది.

1860 ప్రాంతపు ప్రవాదము

ఇఁక మొదట సూచించిన యభిప్రాయమును పరిశీలింతము. 1860 ప్రాంతమున విశాఖపట్టణమునఁ గలెక్టరుగా నుండిన యొక యాంగ్లేయుఁడు ఈ పరిశ్రమను ప్రవేశపెట్టెననియు, తరువాతి దొరలు దానిని వృద్ధిచేసిరనియు 20వ శతాబ్ది యారంభపు ఇంగ్లీషు వ్రాఁతలలోఁ గానవచ్చును. దానినే పలువురు పునశ్చరణము చేసిరి. 1756 నాఁటి కార్నీలు మాటయు, 1781 నాఁటి వేలమును తెలిసిన పిమ్మట నీ యభిప్రాయము నిలువదు. నూఱేండ్లకు ముందే ప్రసిద్ధమైన పనిని నూఱేండ్ల తరువాత నెవ్వఁడును ప్రవేశపెట్టఁజాలఁడు.

అయినను నీ ప్రవాదమును నిరాధారమని త్రోసివేయుటకంటె, అది యెట్లు పుట్టెనో యూహించుట మేలు. 19వ శతాబ్దిలో పెద్దసామానుల కాలము గడచినది, ఐరోపాలో యంత్రములతోఁ జేసిన సామాను చౌకయైనది, అభిరుచియు మాఱినది. విశాఖపట్టణమున బీరువాలకు బదులు కుట్టుపెట్టెలు, వ్రాఁతపెట్టెలు, చదరంగపు పలకలు, చీట్లపెట్టెలు, ఛాయాపటపు చట్రములు తయారుకాఁజొచ్చినవి. గంధపుచెక్క యడుగున, దంతముతోపాటు అడవిదున్నకొమ్ము, దుప్పికొమ్ము, తాఁబేటిచిప్ప, ఏదుపందిముండ్లు మున్నగువానిని తాపడముగా వాడిరి. నల్లని తాఁబేటిచిప్పపై జాలివలె కోసిన దంతమును పఱచుట యీ కాలపు విశేషము. ఇంగ్లీషు చిత్రములతోపాటు మన దేవతామూర్తులును గీఁతపనిలో వచ్చిరి. ఈ చిన్నవస్తువులకు దొరలు, దొరసానులు కొనుగోలుదారులు. వారిలో నుద్యోగులు కొందఱు నమూనాలిచ్చి ప్రోత్సహించియుందురు. ఈ కడపటి దశను జూచినవారు ప్రోత్సాహమును ప్రారంభముగా నెంచిరని నా యభిప్రాయము.

కావున నీ శిల్పచరిత్రమున మూఁడు దశలను గుర్తింపవచ్చును. 18వ శతాబ్ది పూర్వార్ధమున ఇరుగుడు మున్నగు చేవకొయ్యలపై లతల పొదుగుడు. ఉత్తరార్ధమున పెద్దసామానులకు దంతపు తాపడము. 19వ శతాబ్దిలో చిన్నపెట్టెలపై దంతము, కొమ్ము, చిప్ప కలిసిన మిశ్రతాపడము. మూఁడింటినిఁ గలిపి దంతపుపని యను నొకేమాటతోఁ బిలిచినంతకాలము మూఁడవదానికిఁ జెప్పిన కథ మొదటిదానికిఁగూడ నంటుకొనును. పదములను వేఱుచేసినతోడనే కాలములును వేఱుపడినవి. శబ్దవిచారము చరిత్రకుఁ జేయు సాయ మిట్టిది.

కర్తలు

19, 20 శతాబ్దుల వ్రాఁతలు ఈ పనివారలను కంసాలులని చెప్పుచున్నవి. ఎడ్గార్ థర్‌స్టను 1901లో దక్షిణహిందూదేశపు దంతపుపనిని గూర్చి ప్రత్యేకముగా నొక చిన్నగ్రంథము రచించెను. కంసాలుల సంప్రదాయమునందు వడ్రంగము, కమ్మరము, కంచరము, శిల్పము, అగసాలిపని యను నైదు వృత్తులు నొకే మూలమునకుఁ జేరినవిగా నెంచఁబడుచున్నవి. దంతపు తాపడముగల పెట్టె నొకదానిని విడఁదీసి చూచినచో నీ సంప్రదాయపు విలువ తెలియును: గూడు వడ్రంగిది, కీలు, తాళము, కొక్కెము లోహకారునివి, గీఁత నగపైఁ బూవు దీర్చు అగసాలి చేతిది. ఇన్ని పనులెఱిఁగినవా రొకే కులమున, ఒకే వీథిలో దొరకుటచే నీ శిల్పము విశాఖపట్టణమున సులభముగా నెదిగినదని యూహింపవచ్చును. దొరలు తెచ్చినది బల్ల నమూనా. నేర్పు ముందే యిచ్చట నుండెను.

ప్రస్తుతస్థితి

ఏనుఁగుల సంహారమును మాన్పుటకై మనదేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చెను. 1986 సవరణచే స్వదేశపు దంతవర్తకమును, 1991 సవరణచే ఆఫ్రికాదంతపు వర్తకమును నిషేధింపఁబడినవి. ఇంగ్లండులో 2018లో నంగీకరింపఁబడి 2022లో నమలులోనికి వచ్చిన దంతచట్టము ప్రాచీనవస్తువుల క్రయవిక్రయములనుగూడ మిక్కిలి కట్టుదిట్టము చేసినది. ఈ చట్టములను గూర్చి శిల్పాభిమానులు నొచ్చుకొనఁ బనిలేదు. ఒక పెట్టె యందమునకై యొక ప్రాణిని బలిగొనుట యుచితముగాదు. వరాహమిహిరుని నాఁడు అడవులు విస్తారముగా నుండెను, నేఁడట్లు గాదు.

అయితే పదార్థము పోయినంతమాత్రమున పని పోవలసిన యవసరములేదు. మైసూరున ఇరుగుడుకొయ్యపై దంతమును పొదుగుచుండినవారు దంతము నిషిద్ధమైన పిమ్మట వర్ణవర్ణముల కొయ్యముక్కలనే పొదుగుచు ఆ వృత్తిని నిలువఁబెట్టుకొనిరి. తాపడమునకు దంతమే కావలెనను నియమములేదు. ఈజిప్టుదేశమున 1922లోఁ బయల్పడిన తూతన్‌ఖామెను సమాధియందలి పెట్టెలపై దంతముతోపాటు నల్లచేవముక్కలును గూర్పఁబడి యున్నవి. ఐరోపా వడ్రంగులు 17వ శతాబ్దినుండి అక్రోటుకొయ్య పొరలతోనే తాపడము చేసిరి. నేఁటి యిండ్లలో తలుపులకును బల్లలకును నతుకుచున్న టేకుపొరయు తాపడమే. పనివాఁడు నిత్యము చేయుచున్న పనికి మన మాట యుండఁగా, వెనీరు అను మాట నొక్కదానినే పట్టుకొనుట మన యలసత.

పండితులకు విన్నపము

తెలుఁగున వృత్తిపదములను సేకరించు మార్గము మనకుఁ గ్రొత్తదిగాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశమున భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములును, 1971లో చేనేతపదములును వెలువడినవి. రైతునోటను, సాలెవాని నోటను జీవించుచుండిన వేలకొలఁది మాటలు అట్లు గ్రంథస్థమైనవి. దంతపుపని యందలి మాటలకును నట్టి సేవ జరుగవలెను. రేకు మందమునకు, కోఁత తీరునకు, గాటు లోఁతునకు, లక్కపాకమునకు, లేచిన రేకును మరల నతుకు విధమునకు పనివారు పేరు పెట్టుకొనకుండ నుండరు. తాతలు దంతమును గోసిన యిండ్లలో మనుమలు బంగారుపనియో వడ్రంగమో చేయుచుండవచ్చును. పని మానినను మాట కొన్నినాళ్లు నోట నుండును. ఆ నోరు మూఁతవడిన పిమ్మట నే నిఘంటువును దానిని మరల పలికింపలేదు.

పాఠశాలాపండితులు తమ తమ యూళ్లలో వడ్రంగులను, అగసాలులను, దేవాలయవాహనములకు రేకు తాపువారిని అడిగి, పొదుగు, తాపడము, గీఁత, నగిషీ యను మాటలను వారే యర్థమున వాడుచున్నారో వ్రాసికొనుట మొదటిపని. అట్టి పట్టికలు పది జిల్లాలనుండి చేరినచో పైన నేను చేసిన యర్థవిభాగము నిలుచునో, సవరింపవలసివచ్చునో తేలును. రెండవది, మన యిండ్లలోఁగాని సంస్థానభవనములలోఁగాని మిగిలియున్న పాత పెట్టెలను గూర్చినది. వానిని కోయక, నీటితోఁ గడుగక, కొలతలు దీసి, అడుగుకొయ్యను, పైరేకును, గీఁతలోని చిత్రమును వర్ణించి వ్రాయవలెను. ఎచ్చటనైన సొరుగడుగునను, మూఁతలోపలను తెలుఁగక్షరములలో పేరొక్కటి దొరకినచో, రాజులు కొన్న కుర్చీలకంటె మనకది విలువైనది. ఊరిపేరుతో మాత్రమే లోకమునకుఁ దెలిసిన యీ శిల్పమునకు కర్త పేరు నట్లు చేర్పఁగలుగుదుము.